గీటుతో సహా నకలు

మైనం పద్ధతిలో పోత పోసే కంచరికి రెండో పాత్ర అంటే మళ్లీ మొదటి నుంచీ పనే. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు సామానుకి పేరుపడ్డ ఊరు. అలాంటి ఊళ్లలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మట్టి దిమ్మ మీద మైనం చుట్టి, నగిషీ దిద్ది, దానిమీద మెత్తటి మట్టి పొరలు పొరలుగా పూసి ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట్లోకి మూసలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే పాత్ర బయటపడుతుంది. మైనం పోయింది, అచ్చు పోయింది. అలాంటిదే ఇంకొకటి కావాలంటే చెయ్యి మళ్లీ మైనం ముద్ద దగ్గరికే వెళ్లాలి. రెండు చెంబులూ పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి తప్ప ఒకే చెంబులా ఉండవు. కొనేవాళ్లు దాన్ని లోపం అనుకోరు.

చేసినవాడు బతికున్నంతకాలం ఇది బాగానే ఉంటుంది. వాడు పోయి మూడొందల ఏళ్లయి, వాడి పళ్లెం ఏ రాజు ఖజానాలోనో మూలబడి ఉంటే? దానికి అచ్చు తీసి, కరిగిన లోహం పోసి నకలు చేయొచ్చు. కానీ లోహం చల్లారుతూ కుంచించుకుంటుంది కాబట్టి నకలు అసలుకంటే పిసరంత చిన్నదవుతుంది. సన్న గీతలు పూడుకుపోతాయి. వాటిని ఉలితో మళ్లీ తీర్చాలి. చిక్కంతా అక్కడే. ఉలి పట్టిన ప్రతివాడూ తన చేతివాటం కొంత కలుపుతాడు. పదహారో శతాబ్దపు ముక్కు పంతొమ్మిదో శతాబ్దపు ముక్కైపోతుంది.

కొలిమి లేకుండా, లోహాన్ని కరిగించకుండా చల్లగా పోత పోయొచ్చని 1830లలో తెలిసింది. అయితే దాన్ని కోరి వెతికినవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు వెతికింది బ్యాటరీ.

1836లో లండన్‌లో జాన్ ఫ్రెడెరిక్ డేనియల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నిలకడగా కరెంటు ఇచ్చే ఘటం ఒకటి కట్టాడు. అందులో రాగి ఒక వైపు, జింకు ఒక వైపు. రాగి చుట్టూ మైలుతుత్తం కలిపిన నీళ్లు. మన రైతులు సున్నంతో కలిపి తెగుళ్లకి పిచికారీ చేసే నీలంరంగు మైలుతుత్తమే అది. ఘటం పనిచేస్తున్నంతసేపూ ఆ నీలం నీళ్లలోని రాగి కొంచెం కొంచెంగా వచ్చి రాగి రేకు మీద పేరుకుంటుంది. వారెన్ డి లా ర్యూ అనే కుర్రవాడు దీన్ని గమనించాడు. పేరుకున్న పొరని ఒలిస్తే అది కింది రేకు మీద ఉన్న ప్రతి గీటునీ పట్టుకుని వస్తోందని రాశాడు కూడా. రాసి ఊరుకున్నాడు. ఆయన దృష్టి ఘటం మీద ఉంది, పొర మీద లేదు. తరవాతి కాలంలో సూర్యచంద్రుల ఫొటోలు తీసి ఆయన పెద్ద పేరు తెచ్చుకున్నాడు కాబట్టి జాలిపడాల్సిన పనేం లేదు.

అదే గీటు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇంకొకాయన కంట పడింది. మోరిట్జ్ హెర్మన్ జాకోబీ పుట్టింది జర్మనీలోని పోట్స్‌డామ్‌లో, స్థిరపడింది రష్యాలో. ఆయన తమ్ముడు కార్ల్ గణితంలో ప్రసిద్ధుడు. ఈయనకి విద్యుత్తుతో బండ్లూ పడవలూ నడపాలని ఆశ. 1838లో బ్యాటరీతో నడిచే పడవలో మనుషుల్ని ఎక్కించి నీవా నదిలో తిప్పాడు. ఆ బ్యాటరీల మరమ్మతుల్లోనే రాగి పొర ఊడి చేతికొచ్చింది. దాని వెనకవైపు చూస్తే కింది రేకు మీది గీట్లు, సుత్తి దెబ్బలు అన్నీ తిరగబడి దిగి ఉన్నాయి. రేకు మీద గుంట ఉన్నచోట పొర మీద గుబ్బ. జాకోబీ ఊరుకోలేదు. చెక్కిన రాగి పలక తెచ్చి ఘటంలో పెట్టాడు. వచ్చిన పొర మీద బొమ్మంతా తిరగబడి ఉంది. ఆ పొర మీద మళ్లీ రాగి పెరగనిస్తే అసలు బొమ్మ తిరిగొచ్చింది. 1838 అక్టోబరులో అక్కడి అకాడమీకి ఈ సంగతి తెలియజేశాడు.

ఇంగ్లండులో మాత్రం ఇది మా ఊరిదంటే మా ఊరిదని తగువు నడిచింది. లండన్‌లో ముద్రణ పనిచేసే సి.జె. జోర్డాన్ 1839 జూన్‌లో ‘మెకానిక్స్ మ్యాగజీన్’కి ఉత్తరం రాసి పద్ధతి చెప్పాడు. అదే ఏడు సెప్టెంబరులో లివర్‌పూల్‌లో చెక్కడం, మొలాము పనిచేసే థామస్ స్పెన్సర్ తన నమూనాలు జనానికి చూపించాడు. స్పెన్సర్ చెప్పిన కథ ముచ్చటైనది: రాగి మీద పొరపాటున వార్నీషు చుక్క పడిందట, ఆ చుక్క మేర మాత్రం రాగి పేరుకోలేదట. అంటే ఎక్కడ పేరుకోవాలో ఎక్కడ కూడదో మనమే నిర్ణయించవచ్చన్నమాట. కథ నచ్చిందో మనిషి నచ్చాడో గానీ పేరంతా కొన్నేళ్లపాటు స్పెన్సర్‌కే దక్కింది. ఆ తరవాత హెన్రీ డర్క్స్ అనే ఆయన పాత పత్రికలు తిరగేసి, జోర్డాన్ ఉత్తరం ముందుదని వాదించి, తేదీలతో సహా పుస్తకమే వేశాడు. తేదీలే ప్రమాణమైతే డర్క్స్ మాటే నెగ్గాలి. జాకోబీ మాట వీళ్లిద్దరికంటే ముందుది.

అసలు మలుపు 1840లో వచ్చింది, చాలా చవగ్గా. అప్పటిదాకా రాగి పేరుకోవాలంటే కింద లోహమే ఉండాలి. మైనం మీద, ప్లాస్టరు మీద కరెంటు పారదు. రాబర్ట్ మరే అనే ఆయన మైనపు అచ్చు మీద పెన్సిల్లో ఉండే నల్లసీసం, అంటే గ్రాఫైటు పొడి, మెత్తటి కుంచెతో రుద్దాడు. పొడి కరెంటుని పారనిస్తుంది, రాగి పొడి మీద పేరుకుంటుంది. అంతే. ఇక మైనం, ప్లాస్టరు, ఎండిన ఆకు, ఏదైనా సరే పైన రాగి తొడిగించవచ్చు.

తొట్టె పక్కన నిలబడి పని చూసినట్టు చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ముందు అసలు వస్తువుకి అచ్చు తీస్తారు. బల్లపరుపు పళ్లేనికైతే గట్టాపర్చా సరిపోతుంది. మలయా దీవుల చెట్లపాల నుంచి వచ్చిన ఆ పదార్థం వేడినీళ్లలో మెత్తబడి, చల్లారితే బిగుసుకుంటుంది. లోపలికి వంపులున్న బొమ్మకైతే అది ఊడిరాదు. జిగురులో బెల్లపు పాకం లాంటిది కలిపి సాగే అచ్చు పోస్తారు. అది వంపుల్లోంచి రబ్బరులా సాగి బయటపడి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. అచ్చు లోపలివైపు నల్లసీసం రుద్దుతారు. ఎక్కువైతే సన్న గీత పూడుతుంది, తక్కువైతే రాగి పట్టదు. పనితనమంతా కుంచెలో ఉంది. రాగి తీగ కట్టి మైలుతుత్తం తొట్టెలో వేలాడదీస్తారు. ఎదురుగా మందపాటి రాగి రేకు. కరెంటు వదిలితే ఆ రేకు కరుగుతూ పోతుంది, ఈ అచ్చు మీద గులాబీ రంగు రాగి తేలుతుంది, ముందు తీగ ముడి దగ్గర, తరవాత అంచుల మీదుగా లోపలికి.

ఎంతసేపు? ఫారడే ఎలక్ట్రాలిసిస్ సూత్రాల ప్రకారం ఒక ఆంపియరు గంటసేపు పారితే 1.19 గ్రాముల రాగి దిగుతుంది. అరచేయంత వైశాల్యం మీద అది మిల్లీమీటరులో వందో వంతుకి కాస్త పైన. ఆ లెక్కన మిల్లీమీటరు మందానికి మూడు రోజులు. తొందరపడి కరెంటు పెంచితే రాగి గింజలు గింజలుగా, పెళుసుగా వస్తుంది. ఇంకో ఇబ్బంది, రాగి అన్నిచోట్లా సమానంగా దిగదు. గుబ్బల మీద, అంచుల మీద ఎక్కువ, లోతుల్లో తక్కువ. అందుకని పెద్ద కూజానో విగ్రహాన్నో ముక్కలుగా తీసి, వెనకవైపు సీసం, తగరం పోసి బలమిచ్చి, అతుకులు పెట్టి, అతుకు కనబడకుండా సానపట్టేవారు. పల్చటి తొడుగు, వెనక మెత్తటి సీసం. వాయిస్తే బుడితి కంచులా ఖంగుమనదు.

చూపుకి మాత్రం తిరుగులేదు. కరిగించి పోయలేదు కాబట్టి కుంచించుకోదు. ఉలి తగల్లేదు కాబట్టి రెండో చెయ్యి కలవలేదు. మొదటివాడి ఉలి జారిన చోటు కూడా నకలులో జారే ఉంటుంది.

రాగి నకలు మీద వెండి, బంగారం ఎక్కించే పని బర్మింగ్‌హామ్‌ది. అంతకుముందు బంగారు మొలాము అంటే పాదరసమే. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి, వస్తువుకి పూసి, నిప్పుల మీద కాలిస్తే పాదరసం ఆవిరై బంగారం అంటుకుంటుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల చేతులు వణికేవి, పళ్లు రాలేవి, ఆయుష్షు తరిగేది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సెయింట్ ఐజక్ చర్చి గుమ్మటానికి ఇలాగే బంగారం పూస్తూ పదుల సంఖ్యలో పనివాళ్లు చనిపోయారని చెబుతారు. అదే చర్చిలో లోపలి శిల్పాలు జాకోబీ పద్ధతిలో తయారయ్యాయి. వాటిని చేసిన కర్మాగారం 1844లో లైఖ్టెన్‌బెర్గ్ డ్యూక్ మాక్సిమిలియన్ పెట్టింది. ఆయన జార్ చక్రవర్తి అల్లుడు. గుమ్మటం మీద పాత మొలాము, కింద కొత్త పద్ధతి. ఒకే కట్టడంలో రెండు యుగాలు.

బర్మింగ్‌హామ్‌లో జాన్ రైట్ అనే వైద్యుడు పాత రసాయన గ్రంథంలో బంగారం, వెండి లవణాలు సయనైడులో కరుగుతాయని చదివి, ఆ ద్రావణంలో కరెంటు పారించి చూశాడు. పూత గట్టిగా, మెరుగ్గా దిగింది. ఆ ఊళ్లోనే జార్జ్ రిచర్డ్స్ ఎల్కింగ్టన్, ఆయన దాయాది హెన్రీ అదే వెతుకులాటలో ఉన్నారు. రైట్ పద్ధతిని కొనుక్కుని 1840లో పేటెంటు రాయించారు. ఆ పెట్టుబడి వెనక ఉన్న జోసయ్య మేసన్ ఉక్కు పెన్ను పాళీల వ్యాపారి. పాళీల మీద వచ్చిన డబ్బు చెంచాల మీద వెండి పూతైంది. వాళ్ల దగ్గర పనిచేసిన అలెగ్జాండర్ పార్క్స్ సాలెగూడుకి వెండి పూత పెట్టి యువరాజు ఆల్బర్ట్‌కి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఘటాల బెడద తప్పించడానికి 1844లో వూల్రిచ్ అనే ఆయన అయస్కాంతాలతో తిరిగే యంత్రం కట్టిచ్చాడు. ఫ్యాక్టరీ పనికి డైనమో వంటి యంత్రం వాడడం అదే మొదలు. దీపం వెలిగించకముందే కరెంటు చెంచాలకి పూత పెట్టింది.

ఇక్కడిదాకా ఇది వర్తకం. దీన్ని విద్యగా మార్చిన మనిషి హెన్రీ కోల్. 1851 లండన్ మహా ప్రదర్శన వెనకా, 1857లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం వెనకా ఉన్నది ఆయనే. ఇంగ్లండు పనివాడి చేతిలో నేర్పుంది గానీ కంటికి మంచి నమూనా లేదని ఆయన దిగులు. నమూనాలన్నీ రాజుల దగ్గర, చర్చిల దగ్గర, పరదేశాల్లో ఉన్నాయి. కొనలేం, అడిగితే ఇవ్వరు. అచ్చు తీసుకోనిస్తే చాలన్నాడు. మ్యూజియం తరఫున ఎల్కింగ్టన్ మనుషులు దేశదేశాలు తిరిగి అచ్చులు తీశారు. ఒక నకలు మ్యూజియానికి, మిగతావి కళాశాలలకి, కొనుక్కోగలవాళ్లకి. 1880 ప్రాంతాల్లో రష్యా క్రెమ్లిన్‌లో ఉన్న పాత ఇంగ్లీషు వెండి సామానుకీ అచ్చులు తీశారు. అందులో ఒక విడ్డూరం ఉంది. ఆ సామాను ఇంగ్లండు రాజులు జార్‌లకి పంపిన కానుకలు. ఇంగ్లండులో ఉండిపోయిన అలాంటి వెండి చాలావరకు అంతర్యుద్ధంలో నాణేల కోసం కరిగిపోయింది. పుట్టింట్లో మిగలనిది అత్తింట్లో మిగిలింది. నకలు పుట్టింటికి వచ్చింది.

ఆ నకళ్లలో ఒకదాన్ని మీరూ చూసే ఉంటారు. వింబుల్డన్ మహిళల సింగిల్స్‌లో గెలిచినామె తలపైకెత్తి చూపే పళ్లెం, వీనస్ రోజ్‌వాటర్ డిష్, 1864లో ఎల్కింగ్టన్ చేసినది. 1886 నుంచి ఆ పోటీకి బహుమతిగా ఉంటోంది. దాని మూలం పదహారో శతాబ్దం చివర ఫ్రాన్సువా బ్రియో అనే అచ్చుల పనివాడు తగరపు మిశ్రమంతో పోసిన పళ్లెం. దాన్ని నూరెంబెర్గ్‌లో కాస్పర్ ఎండర్లైన్ అనుకరించాడు. ఆ వరసలో వచ్చిందే ఇది. దగ్గరగా చూస్తే పేరులో ఉన్న వీనస్ నడుమ కనబడదు. నడిమి గుబ్బ మీద కూచున్నది మితత్వానికి అధిదేవత. ఒక చేత దీపం, ఒక చేత కూజా. చుట్టూ నాలుగు భూతాలు. అంచున మినర్వా, వ్యాకరణం, తర్కం, సంగీతం, గణితం లాంటి ఏడు విద్యలు. టెన్నిస్‌కీ తర్కానికీ ఏమిటి సంబంధం అని అడగకండి. బ్రియో కాలంలో అది భోజనాల బల్ల దగ్గర పన్నీటితో చేతులు కడుక్కునే పళ్లెం.

1867లో పారిస్‌లో మహా ప్రదర్శన జరిగింది. అక్కడ కోల్ ఇంకో అడుగు వేశాడు. యూరపు రాజకుటుంబాల వారిని పదిహేనుగుర్ని ఒప్పించి ఒక ఒడంబడిక మీద సంతకాలు పెట్టించాడు. ప్రతి దేశంలోనూ గొప్ప కళాఖండాలున్నాయి, వాటికి ప్లాస్టరు అచ్చులు, ఎలక్ట్రోటైపులు (ఇలా తొట్టెలో తీసిన రాగి నకళ్ల పేరు అదే), ఫొటోలు తీస్తే అసలుకి ఏ హానీ ఉండదు, కాబట్టి దేశాలు ఆ నకళ్లని ఇచ్చిపుచ్చుకోవాలి. ఇదీ సారం. సంతకాల్లో ఒకటి లైఖ్టెన్‌బెర్గ్ నికొలాస్‌ది, ఆ చర్చి శిల్పాలు చేయించిన మాక్సిమిలియన్ కొడుకు.

ఆ పదిహేనుగురిలో భారతదేశపు రాజు ఒక్కడూ లేడు. పిలవలేదు. ఆ ఏడే మన విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు లండన్ హైడ్ పార్కులో జనానికి మంచినీళ్ల ఫౌంటెన్ కట్టించి ఇచ్చాడు. గోతిక్ శైలిలో రాతి కట్టడం. 1964లో దాన్ని తీసేశారు. అక్కడ ఒక రాయి మాత్రం గుర్తుగా ఉంది. లండన్ వాళ్ల దాహం తీర్చడానికి విజయనగరం డబ్బు పనికొచ్చింది గానీ, కళాఖండాల ఇచ్చిపుచ్చుకోళ్ల లెక్కలో మన పేరు రాయడం ఎవరికీ తోచలేదు.

అదే 1867లో అదే పారిస్‌లో మనవి ఇంకొన్ని కనబడ్డాయి. ఉత్తర సర్కారుల కమిషనర్‌గా వచ్చిన వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి స్తూపం తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసులో కొన్నేళ్లు ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. లండన్‌లో ఒక భవనం బండ్లశాలలో పడున్నవాటిని జేమ్స్ ఫెర్గూసన్ చూసి, ఫొటోలు తీయించి పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. ఫ్రాన్సు, రష్యా, డెన్మార్కు రాజులు తమ వెండిని ఖజానాలోనే ఉంచుకుని అచ్చు పంపుతున్నారు. కృష్ణ ఒడ్డు నుంచి అసలే వెళ్లిపోయింది. అసలుకి హాని లేకుండా నకలు తీయొచ్చని గొప్పగా రాసుకున్న కాలం అది. ఆ మర్యాద ఎవరి అసలుకి దక్కాలో ముందే తేలిపోయిందని నాకనిపిస్తుంది. సాంచికి కొంచెం అదృష్టం ఉంది. హెన్రీ కోల్ కొడుకు హెన్రీ హార్డీ కోల్ 1869–70లో అక్కడి తూర్పు తోరణానికి ప్లాస్టరు అచ్చులు తీసి పంపాడు. తోరణం సాంచిలోనే నిలబడి ఉంది.

శ్రీకాకుళం ప్రాంతంలో నకలు తీయవలసిన లోహం వేరే ఉంది. ముఖలింగం కేంద్రంగా ఏలిన తూర్పు గాంగుల రాగి శాసనాలు ఈ జిల్లాలో పొలాల్లో, ఇళ్లలో దొరుకుతూనే వచ్చాయి. రేకులన్నీ గుచ్చిన కడియం, దాని మీద నంది ముద్ర. నరసన్నపేట దగ్గర నడగాం శాసనం వజ్రహస్తుడిది, శక సంవత్సరం 979 నాటిది. దాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో పరిష్కరించి ప్రకటించింది గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, ముఖలింగం గుడి గోడల మీది లిపిని తనంతట తాను నేర్చుకున్న మనిషి. వ్యావహారిక భాషోద్యమం కంటే ముందు గిడుగుది శాసనాల ప్రపంచం.

శాసనానికి నకలు తీయడం తొట్టెతో పని లేనిది. తడిపిన పల్చటి కాగితాన్ని రేకు మీద పరిచి, కుంచెతో తట్టి అక్షరపు గాట్లలోకి దింపి, పైన సిరా గుడ్డతో అద్దుతారు. గాడి తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. రాగి రేకుకి రాగి నకలు తీస్తే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ చదివేవాడికి కావలసింది అక్షరం, రాగి కాదు. కాగితమైతే మడిచి టపాలో పంపొచ్చు. నాణేల విషయంలో అలా కాదు. వాటికి రెండు వైపులా ఉండాలి, చేతిలో పట్టుకుని తిప్పాలి. అందుకే బ్రిటిష్ మ్యూజియంలో రాబర్ట్ రెడీ అరుదైన నాణేలకి రెండు రాగి పెంకులు తీసి అతికి, నకళ్లు అమ్మేవాడు. మోసానికి తావు లేకుండా అంచు మీద తన పేరు పొడి అక్షరాలు కొట్టేవాడు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి నకలంటే జనానికి చిన్నచూపు మొదలైంది. ఓడల మీద, రైళ్ల మీద వెళ్లి అసలే చూడగలిగినవాళ్లకి రాగి తొడుగు ఎందుకు? మ్యూజియాలు వాటిని గోదాముల్లోకి దించాయి. ముద్రణాలయాల్లో మాత్రం బొమ్మల దిమ్మెలకి, పేజీలకి నకలు తీయడానికి ఈ పద్ధతి ఇంకా చాలాకాలం నడిచింది.

అంతలో ఈ తొట్టె ఇంకో ఇంట్లో చేరింది. ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోన్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1900 తరవాత రికార్డింగు మందపాటి మైనపు బిళ్ల మీద జరిగేది. పాట వినబడుతుంటే సూది అదురుతూ మైనాన్ని కోస్తుంది. మైనం మెత్తన, రెండోసారి సూది పెడితే చెరిగిపోతుంది. దాన్ని లోహంలోకి ఎక్కించాలి. ఎలా? మైనం మీద నల్లసీసం పొడి కుంచెతో రుద్ది, మైలుతుత్తం తొట్టెలో వేలాడదీశారు. ఇది మరే 1840లో చేసిందే. వచ్చిన రాగి బిళ్ల మీద పాట తిరగబడి ఉంటుంది, గాడి ఉన్నచోట గట్టు. అంటుకోకుండా దానికి పల్చని రసాయన పొర పూసి మళ్లీ రాగి దింపితే మదర్. మదర్ నుంచి తీసి, నికెల్ పూసినది స్టాంపరు. స్టాంపర్ల మధ్య వేడి లక్క ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. ఆ లక్క మన దేశపు అడవులది. 1908లో కలకత్తాలో కర్మాగారం వచ్చేదాకా ఆ లక్కే విదేశాలకి వెళ్లి పాటై తిరిగొచ్చేది.

విజయనగరానికి ఈ తొట్టెతో చుట్టరికం కుదిరింది ఇక్కడ. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ అధ్యాపకుడు. 1936లో ద్వారమే ప్రిన్సిపాలయ్యాడు. చిన్నప్పటి నుంచీ చూపు మందగించిన మనిషి. ఆయన కమాను నాదం వినడానికి కచేరీకి పోలేని ఊళ్లకి గ్రామఫోన్ రికార్డు వెళ్లింది. గమకం అంటే స్వరం స్వరాన్ని తాకుతూ జారే సన్నటి ఊపు, మామూలు స్వరలిపిలో ఇమడనిది. మైనం మీద అది ఒక వంకర గీతగా పడుతుంది. గీత మందం మనిషి వెంట్రుకంత. ఆ గీత మీద ఉన్న అదురంతా అలాగే రాగిలోకి దిగాలి. కరిగించిన లోహం పోస్తే మైనమే కరిగిపోయేది, పాట కూడా పోయేది. చల్లటి పోత కాబట్టి నిలిచింది. బ్రియో పళ్లెంలో దేవత జుట్టు పాయలు చెడకుండా తెచ్చిన పద్ధతి ద్వారం కమానుకీ సరిపోయింది. నా మటుకు నాకు ఈ విద్య చేసిన గొప్ప నకళ్లు క్రెమ్లిన్ వెండివి కావు, ఇవే.

ఆ కళాశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర ఘంటసాల చదువుకున్నాడు. విజయనగరంలో పుట్టిన పి. సుశీలా అక్కడి విద్యార్థే. 1950లలో వాళ్ల సినిమా పాటలు నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల మీద ఊరూరా చేరేవేళకి తొట్టెలో కొన్ని మార్పులొచ్చాయి. మైనం బదులు లక్కరు పూసిన అల్యూమినియం బిళ్ల, నల్లసీసం బదులు వెండి పొర, రాగి బదులు ఎక్కువగా నికెల్. ఇవాళ వినైల్ రికార్డు కొట్టే కర్మాగారాల్లోనూ ఆ క్రమమే.

ఈ పద్ధతికి ఒక పేచీ మొదటి నుంచీ ఉంది. అది మంచి గీతకీ చెడ్డ గీతకీ తేడా చూడదు. తొట్టెలో ధూళి కణం అంటుకున్నా, బిళ్ల మీద గీటు పడినా అది మదర్‌లోకి, స్టాంపర్లలోకి, అక్కడి నుంచి ప్రతి రికార్డులోకి దిగి, చుట్టుకోసారి టిక్కుమంటుంది. అందుకని కర్మాగారాల్లో మదర్‌ని ముందు వాయించి వినేవారు. టిక్కు వినబడిన చోట ఆపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, చెక్కుడుపని తెలిసిన మనిషి ఒకరు సన్నటి ఉలితో గాడిలోని ఆ మరకని గీకి తీసేవారు. చెయ్యి పిసరు జారితే పాట పోతుంది.